బొజ్జా, బ్రిడ్జీ, నేనూ

(మహాసభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

నన్ను మొదట సాంకేతిక రంగం మీద మాట్లాడమన్నారు. కృత్రిమ మేధ గురించి నాలుగు ముక్కలు చెబితే చాలన్నారు. నేను వేరే విషయం చెబుతానన్నాను. అదేమిటో వినగానే కార్యదర్శి గారు ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "హాల్లో పిల్లలు కూడా ఉంటారండీ" అన్నారు. "పిల్లల కోసమేనండీ" అన్నాను. స్లయిడ్లు ఏమీ ఉండవని హామీ ఇచ్చాక ఒప్పుకున్నారు. కాబట్టి ముందు వరసలో కూర్చున్న మాస్టార్లు కంగారు పడనక్కర్లేదు.

విషయం ఇది. లావుగా ఉన్న మనుషులు బట్టల్లేకుండా చిత్రకారుడి ముందో, కెమెరా ముందో కూర్చోవడం. దానివల్ల తమ ఒంటితో తమకు రాజీ కుదరడం. వినడానికి మనది కాని గొడవలా ఉంటుంది. కానీ మన ఇళ్ళల్లో ఒంటి గురించి జరిగినన్ని మాటలు ఇంకెక్కడైనా జరుగుతాయా చెప్పండి. రెండేళ్ళ తర్వాత ఇండియా వెళ్తామా, శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీ ఇంకా ఆగదు, "ఏవిట్రా, ఇలా ఒళ్ళు చేశావ్?" మొదలవుతుంది. ఒకవేళ తగ్గి వెళ్ళామనుకోండి, "అయ్యో, ఇలా చిక్కిపోయావేం, అక్కడ తిండి పెట్టడం లేదా?" ఈ రెంటికీ మధ్య ఒక సరైన బరువు ఉండే ఉంటుంది. దాన్ని మాత్రం మా వంశంలో ఇంతవరకు ఎవరూ చేరుకోలేదు.

నేను కాకినాడలో పుట్టి పెరిగాను. చిన్నప్పుడు నా పేరు బొండాం. ఇంజనీరింగ్ కాలేజీలో చేరాక డ్రమ్ము. రెండూ ప్రేమగా పిలిచినవే, కాదనను. పిలిచినవాళ్ళు ఇప్పటికీ స్నేహితులే, ఒకాయన ఈ హాల్లోనే ఉన్నాడు. అయితే మంత్రాలయం వెళ్తే దర్శనానికి మగవాళ్ళు చొక్కా తీయాలి కదా, అక్కడ నేను కండువా ఎంత వెడల్పుగా కప్పుకునేవాడినో నాకే తెలుసు. పెళ్ళిలో ఉత్తరీయానికి పిన్నీసులు పెట్టించుకున్న పెళ్ళికొడుకుని నేను. ఇరవై ఏళ్ళకు పైగా ఆస్ట్రేలియాలో ఉండి, చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని, టీషర్టు విప్పకుండానే నీళ్ళలోకి దిగేవాడిని. తడిసిన టీషర్టు పొట్టను దాచదు సరికదా, ఇంకాస్త బాగా చూపిస్తుంది. ఆ సంగతి తెలిసినా విప్పలేదు.

2003లో ఎమ్మెస్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చి, నలుగురం కలిసి సన్‌షైన్‌లో అద్దెకు దిగాం. ఇక్కడ చాలామందికి ఆ పేట పరిచయమే. వ్యవసాయ యంత్రాలు చేసే సన్‌షైన్ హార్వెస్టర్ కంపెనీ వల్ల ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. 1907లో ఆస్ట్రేలియాలో కనీస వేతనానికి దారి తీసిన తీర్పు ఆ కంపెనీ కేసులోనే వచ్చింది. అదంతా నాకు అప్పుడే తెలుసు. తెలియనిది ఏమిటంటే లీ బవరీ కూడా ఆ పేటలోనే పుట్టాడని.

బవరీ 1961లో పుట్టాడు. ఫ్యాషన్ చదువు మీద కోరికతో 1980లో లండన్ వెళ్ళిపోయాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగ్గ లావు. ఆ ఒంటిని దాచుకునే ఉద్దేశం ఆయనకు లేదు. రంగులు, మెత్తలు, ముసుగులు, ఎత్తు మడమల బూట్లు, ఒంటి మీద అంగుళం కూడా ఖాళీ వదలకుండా వేషాలు వేసుకుని రాత్రి క్లబ్బులకు వెళ్ళేవాడు. లండన్‌లో ఆయనో వింత. 1990లో లూసియన్ ఫ్రాయిడ్ అనే పెద్ద చిత్రకారుడు ఆయన్ని తన ముందు కూర్చోమని అడిగాడు. మానసిక శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మనవడే ఈయన. ఇన్ని వేషాలు వేసేవాడు అక్కడ ఏ వేషమూ లేకుండా కూర్చున్నాడు. ఫ్రాయిడ్ బొమ్మ అంటే ఒక పూటతో అయ్యేది కాదు, నెలల తరబడి సాగుతుంది. అలా 1994 చివరి రోజున 33 ఏళ్ళకే ఎయిడ్స్ సంబంధిత వ్యాధితో చనిపోయే దాకా బవరీ ఆయనకు మోడల్‌గా ఉన్నాడు. వాటిలో ఒకటి, బట్టల్లేకుండా వెనక్కి తిరిగి కూర్చున్న బొమ్మ, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వీపు మీద మడతలు, నున్నగా గీసిన తల, బల్ల మీద పరుచుకున్న బరువు. ఆ వీపు క్షమాపణ అడుగుతున్నట్టు ఉండదు. 2025లో లండన్ టేట్ మోడర్న్‌లో బవరీ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. మేము సన్‌షైన్ స్టేషన్ పక్కన పప్పు, బియ్యం మోసుకుంటూ తిరిగిన పేటలో పుట్టినవాడు!

బవరీ ఇంకో పని చేశాడు. తన స్నేహితురాలు సూ టిల్లీని ఫ్రాయిడ్‌కు పరిచయం చేశాడు. ఆవిడ లండన్‌లో నిరుద్యోగ భృతి కార్యాలయంలో సూపర్‌వైజరు. బాగా లావు మనిషి. పాత సోఫా మీద బట్టల్లేకుండా నిద్రపోతున్న ఆవిడ బొమ్మను ఫ్రాయిడ్ 1995లో పూర్తి చేశాడు. 2008 మే నెలలో న్యూయార్క్ వేలంలో అది 3 కోట్ల 36 లక్షల డాలర్లకు పోయింది. మనవాళ్ళ అలవాటు ప్రకారం రూపాయల్లోకి మార్చి చెబుతాను, అప్పటి రేటున సుమారు 140 కోట్లు. బతికి ఉన్న చిత్రకారుడి బొమ్మకు అప్పటివరకు వేలంలో అంత ధర పలకలేదు. అదే సోఫా మీద విశ్రాంతిగా ఉన్న ఆవిడ బొమ్మే మరొకటి 2015లో 5 కోట్ల 60 లక్షల డాలర్లు దాటింది. ఆ డబ్బులో ఆవిడకు వచ్చిందేమీ లేదు లెండి, కూర్చున్నందుకు రోజు కూలీ తప్ప. నాకు నచ్చింది ధర కాదు. ఆవిడ ఆఫీసులో ఎలా ఉండేదో బొమ్మలోనూ అలాగే ఉంది. చిత్రకారుడు ఒక్క మడత కూడా సర్దలేదు.

మా తరం ఇంజనీర్లలో 'స్టార్ ట్రెక్' చూడనివాళ్ళు తక్కువ. చెవులు కోసుగా ఉండే మిస్టర్ స్పాక్ వేసిన లియోనార్డ్ నిమోయ్ మంచి ఫోటోగ్రాఫర్ కూడా అని ఎంతమందికి తెలుసు? నాజూకు మోడళ్ళతో తీసిన ఫోటోలు ఆయన ప్రదర్శిస్తుంటే, ఒక లావుపాటి ఆవిడ వచ్చి, నాలాంటి ఒంటితో కూడా తీస్తారా అని అడిగింది. అక్కడ మొదలై, శాన్‌ఫ్రాన్సిస్కోలో లావు ఆడవాళ్ళే కలిసి నడిపే ఒక నృత్య బృందంతో ఆయన తీసిన నగ్న చిత్రాలు 2007లో 'ద ఫుల్ బాడీ ప్రాజెక్ట్' అనే పుస్తకంగా వచ్చాయి. అందులో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. తిన్నగా మన కళ్ళలోకి చూస్తున్నారు. లావు మనిషిని నవ్వించడానికి వాడుకోవడం మన సినిమాలకు బాగా తెలుసు. ఆ మనిషే నవ్వుతుంటే మనం ఎటు చూడాలో మనకింకా తెలియదు.

ఇక మన ఆస్ట్రేలియా సంగతి. 2010 మొదట్లో ఒక మహిళా పత్రిక, 2004 మిస్ యూనివర్స్ జెనిఫర్ హాకిన్స్‌ను బట్టల్లేకుండా, ఫోటోకు ఏ మెరుగులూ దిద్దకుండా ముఖచిత్రంగా వేసింది. ఈటింగ్ డిజార్డర్లతో బాధపడేవారికి సాయం చేసే బటర్‌ఫ్లై ఫౌండేషన్ కోసం చేసిన పని అది. ఉద్దేశం మంచిదే. ఆవిడ ఒంట్లో లోపంగా చూపించడానికి వాళ్ళకు దొరికింది మాత్రం నడుము దగ్గర ఒక చిన్న మడత! దేశమంతా వాదించుకుంది. విశ్వసుందరి నడుములో ఒక మడత చూసి ఊరట పడమంటే మామూలు ఆడవాళ్ళకు ఊరట కలుగుతుందా? నా ఓటు వాదించినవాళ్ళకే.

దానికి జవాబు అన్నట్టు 2013లో అడిలైడ్ నుంచి టారిన్ బ్రమ్‌ఫిట్ అనే ముగ్గురు పిల్లల తల్లి తన ఫోటోలు రెండు పెట్టింది. 'ముందు', 'తర్వాత' ఫోటోలు మనం చూడనివా? ప్రతి జిమ్ము గోడ మీదా ఉంటాయి. ఈవిడ వాటిని తిరగేసింది. 'ముందు' ఫోటోలో బాడీ బిల్డింగ్ పోటీ వేదిక మీద, బికినీలో, కండలు తిరిగి ఉంది. 'తర్వాత' ఫోటోలో మడతలు, మెత్తదనం అన్నీ కనబడేలా, బట్టల్లేకుండా, హాయిగా నవ్వుతూ కూర్చుంది. కాన్పుల తర్వాత ఒళ్ళు అసహ్యమనిపించి ఆపరేషన్ దాకా వెళ్ళి, రేపు నా కూతురికి ఏమని చెబుతానని ఆగిపోయింది. తర్వాత కష్టపడి ఆ పోటీ శరీరం సంపాదించింది. అది వచ్చాక కూడా సంతోషం రాలేదట. నాకు ఆ కథలో ముఖ్యమైన భాగం అదే. ఆ రెండు ఫోటోలను పది కోట్ల మందికి పైగా చూశారంటారు. 2016లో 'ఎంబ్రేస్' అనే డాక్యుమెంటరీ తీసింది. 2023లో 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్' అయింది. ఒక దేశం తన ఏటి పౌరురాలిగా ఈ పని చేసిన మనిషిని ఎంచుకుందంటే, ఈ జబ్బు ఎంత లోతుగా ఉందో ఆలోచించండి.

మన దగ్గరా లేకపోలేదు. 2015 నవంబరులో వచ్చిన 'సైజ్ జీరో' కోసం అనుష్క ఇరవై కిలోల దాకా పెరిగారని చెప్పుకున్నాం. సినిమా చెప్పిన మాట కంటే ఆవిడ పెరిగిన కిలోల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. అదే ఏడాది జూన్‌లో ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయారు. 31 ఏళ్ళు. 'నువ్వు నాకు నచ్చావ్' చూసిన ఎవరికైనా ఆ నవ్వు గుర్తుంటుంది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకున్నారని వార్తల్లో వచ్చింది. దేనివల్ల ఏమైందో తేల్చడానికి నేను డాక్టరును కాను. కానీ ఆవిడ ఒంటి గురించి తెలుగు వాళ్ళం ఎన్నేళ్ళు ఎన్ని మాటలన్నామో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంటి విషయం. మా అమ్మాయి అనుమతితోనే చెబుతున్నాను. ఈ ప్రసంగం చదివి రెండుచోట్ల కొట్టేసింది కూడా. 2023లో తనకు 14 ఏళ్ళు. కూచిపూడి నేర్చుకుంటోంది. ఒక కార్యక్రమానికి డ్రెస్సు కొలతలు తీసుకుంటుంటే, "పాపను వెనక వరసలో పెడదాం, పొట్ట తెలియదు" అని ఎవరో అన్నారు. అన్నావిడ చెడ్డదేమీ కాదు. ఆ రోజు పిల్లలందరికీ పులిహోర చేసి తెచ్చింది కూడా ఆవిడే. ఆ తర్వాత మూడు నెలలు మా అమ్మాయి బడిలో మధ్యాహ్నం అన్నం తినలేదు. డబ్బా ఖాళీగానే ఇంటికొచ్చేది, కాబట్టి మాకు తెలియలేదు. బడిలో కౌన్సెలర్ పిలిచి చెప్పింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఒక ఉపయోగపడే సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే మన సంఘంలో ఇది చాలామందికి తెలియదు. ఈటింగ్ డిజార్డర్ అంటే ఎముకల గూడులా అయిన అమ్మాయే గుర్తొస్తుంది. లావుగా ఉన్న పిల్లలకూ వస్తుంది, మగపిల్లలకూ వస్తుంది. లావు పిల్ల తినడం మానేస్తే మనం "శభాష్, తగ్గుతోంది" అంటాం. అందుకే అది ఆలస్యంగా బయటపడుతుంది. 2019 నవంబరు నుంచి మెడికేర్‌లో దీనికి ప్రత్యేకమైన ప్లాన్ ఉంది. అర్హత ఉన్నవారికి మీ జీపీ రాసిస్తే ఏడాదికి 40 వరకు సైకాలజీ సెషన్లు, 20 వరకు డయటీషియన్ సెషన్లకు మెడికేర్ రిబేటు వస్తుంది. బటర్‌ఫ్లై హెల్ప్‌లైన్ నంబరు 1800 33 4673. రాసుకోండి. మీ ఇంట్లో అవసరం లేకపోతే పక్కింటివాళ్ళకు పనికొస్తుంది.

మా అమ్మాయి కోలుకుంది. సులువుగా కాదు, ఏడాది పైన పట్టింది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం సైకాలజిస్టు దగ్గర్నుంచి కారులో వస్తూ, "నాన్నా, నువ్వు బీచ్‌లో టీషర్టు ఎందుకు విప్పవు?" అని అడిగింది. ఎండ అని చెప్పవచ్చు. క్వీన్స్‌లాండ్‌లో ఆ జవాబు ఎప్పుడూ చెల్లుతుంది. కానీ చెప్పబుద్ధి కాలేదు. "తెలీదమ్మా, ఎప్పుడూ విప్పలేదు" అన్నాను.

మేము అప్పటికి చాలా ఏళ్ళుగా బ్రిస్బేన్‌లో ఉంటున్నాం. 2024లో స్పెన్సర్ ట్యూనిక్ వస్తున్నాడని ఆఫీసులో విన్నాను. ఈయన అమెరికన్ ఫోటోగ్రాఫర్. వందల, వేల మందిని బట్టల్లేకుండా ఊరి మధ్యన నిలబెట్టి ఫోటో తీస్తాడు. మొదట్లో న్యూయార్క్ వీధుల్లో తీస్తూ పలుమార్లు అరెస్టయ్యాడు. ఆస్ట్రేలియా ఆయనకు బాగా కలిసొచ్చింది. 2001లో మెల్‌బోర్న్‌లో సుమారు 4,500 మంది, 2010 మార్చి 1న సిడ్నీ ఓపెరా హౌస్ మెట్ల మీద 5,200 మంది, 2022 నవంబరులో చర్మ క్యాన్సర్ అవగాహన కోసం బోండై బీచ్‌లో 2,500 మంది నిలబడ్డారు. ఈసారి మెల్ట్ అనే ఉత్సవంలో భాగంగా మా ఊరి స్టోరీ బ్రిడ్జి మీద. 1940లో ప్రారంభమైన ఉక్కు వంతెన. రోజూ ఆఫీసుకు దాని మీదుగానే వెళ్తాను. ఎవరికీ డబ్బివ్వరు, తర్వాత ఒక ఫోటో ప్రింటు ఇస్తారు. లావు, సన్నం అని చూడరు. నేను పేరు నమోదు చేసుకున్నాను.

మా ఆవిడకు చెప్పాను.

"ఏమండీ, మతి ఉండే మాట్లాడుతున్నారా?" అంది.

"అంతమందిలో నన్నెవరు గుర్తుపడతారే?"

"గుర్తుపట్టకపోవడానికి మీదేమన్నా చిన్న ఆకారమా?"

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు, "అక్కడ చలిగా ఉంటుందేమో, వేసుకెళ్ళడానికి ఆ మందపాటి గౌను పెట్టాను" అంది. పెళ్ళయిన వాళ్ళకు ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు.

మా అమ్మకు చెప్పడం ఇంకా కష్టమవుతుందనుకున్నాను. ఆవిడ కాకినాడ నుంచి వీడియోలో అంతా విని, "మరి వేమన్న బట్టలు కట్టుకున్నాడా?" అంది. నిజమే! చిన్నప్పటి వాచకంలో వేమన బొమ్మ గుర్తు చేసుకోండి. ట్యాంక్‌బండ్ మీద 1986లో పెట్టిన విగ్రహాల్లోనూ ఆయన ఉన్నాడు. ఒంటి మీద బట్టలేని కవి పద్యాలు మూడో తరగతి పిల్లల చేత బట్టీ పట్టించిన జాతి మనది. కురులే వస్త్రంగా చేసుకుని శ్రీశైలం చేరిన అక్కమహాదేవి పేరున అక్కడ గుహలున్నాయి, పడవెక్కి వెళ్ళి చూసొస్తాం. అమరావతి శిల్పాల్లో మనుషులకు నగలున్నంతగా బట్టలుండవు, వాళ్ళ పక్కనే పొట్టలు ముందుకు పెట్టుకుని పూలదండలు మోసే పొట్టి గణాలుంటారు. అన్నట్టు, మన చందవరం నుంచి దొంగల చేతుల మీదుగా కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీకి చేరిన 3వ శతాబ్దపు బౌద్ధ శిల్పం ఒకటుంది, బుద్ధుణ్ణి ఆరాధించే వాళ్ళది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని మనకు తిరిగి ఇచ్చింది. ఇక మొదటి పూజ అందుకునే దేవుడు బొజ్జ గణపయ్య. పందిట్లో ఆయన బొజ్జకు హారతిచ్చి, అదే పందిట్లో పెళ్ళికూతురు నడుము కొలుస్తాం.

ఇవి చెప్పి మా సంస్కృతి అంతా ఇదేనని దబాయించను. వేమన వైరాగ్యం వేరు, ట్యూనిక్ కెమెరా వేరు. వేమన బరువు సంగతి అసలే ప్రస్తావనకు రాదు. బట్టల్లేని ఒళ్ళు అనగానే బూతు ఒక్కటే కాదని మన పూర్వులకు తెలుసు అని మాత్రమే నా మనవి.

2024 అక్టోబరు 27, ఆదివారం. చీకటితోనే వెళ్ళాం. చుట్టూ వేలమంది, అందరూ ఏదో పెళ్ళికి పెందలాడే వచ్చినట్టు గుసగుసలు. విప్పమన్నారు. చెబుతున్నాను కదా, మొదటి రెండు నిమిషాలు నరకం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో అసలే తెలియదు. మూడో నిమిషంలో చల్లగాలి తగిలింది. నా పొట్టకు నేరుగా గాలి తగలడం పసితనం తర్వాత అదే మొదటిసారేమో! ఆ తర్వాత చుట్టూ చూశాను. ఒక రొమ్ము తీసేసిన ఆవిడ. ఆపరేషన్ కుట్లు గుండె నుంచి బొడ్డు దాకా ఉన్న పెద్దాయన. నాకంటే రెండింతలున్న కుర్రాడు, పక్కన సన్నగా రివటలా వాడి స్నేహితుడు, ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటున్నారు. కాన్పుల చారలు, వేలాడే చర్మం, వంకర వీపులు. పత్రికల్లో చూసే ఒళ్ళు వెతికినా ఎక్కడో ఒకటి. 46 ఏళ్ళు బతికి ఒళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలియదని ఆ రోజు తెలిసింది.

ఒక చిన్న హాస్యం. ఆస్ట్రేలియాలో ఎక్కడ మనలాంటి మనిషి కనబడినా దగ్గరికెళ్ళి "మీరు తెలుగాండీ?" అని అడగడం మన జబ్బు. నాకు ముందు రెండు వరసల్లో అచ్చం గోదావరి జిల్లా పోలికలున్న ఒకాయన ఉన్నాడు. ఆ ప్రశ్న నాలుక దాకా వచ్చింది. మింగేశాను. ఆయనా నన్ను చూసి మింగేసినట్టే అనిపించింది. ఆయన ఈ సభలకు వచ్చి ఉంటే నా నమస్కారాలు.

తారు రోడ్డు మీద వెల్లకిలా పడుకోమన్నారు. రాళ్ళు వీపుకు గుచ్చుకున్నాయి. పైన వంతెన ఉక్కు దూలాలు, వాటి సందుల్లో తెల్లవారుతున్న ఆకాశం. 5,500 మందిమని తర్వాత చెప్పారు. పక్కన పడుకున్న డెబ్భై ఏళ్ళ పైబడిన ఆవిడ, బాగా లావు మనిషి, "ఈ రోడ్డు మీద పడుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు" అంది. "నేను రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఇక్కడే ట్రాఫిక్‌లో ఆగి ఉంటాను, పడుకోవచ్చని ఎప్పుడూ తట్టలేదు" అన్నాను. ఇద్దరం నవ్వితే పొట్టలు కదిలాయి. కదలొద్దని మైకులో అరిచారు.

ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంటే అదే పొట్ట. ఒక గ్రాము తగ్గలేదు. డిసెంబరులో గోల్డ్‌కోస్ట్ వెళ్ళాం. టీషర్టు కారులోనే వదిలేశాను. మా అమ్మాయి చూసింది, ఏమీ అనలేదు. సన్‌స్క్రీన్ సీసా తెచ్చి, "వీపుకు నీకు అందదు" అని తనే రాసింది.

ఇప్పుడు మీలో డాక్టర్లు చేతులెత్తడానికి సిద్ధంగా ఉన్నారని తెలుసు. లావును గొప్పగా చెబుతున్నానా? లేదు. నా ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. బీఎమ్ఐ 36.6. షుగర్ మాత్ర రోజూ వేసుకుంటాను, రోజూ నడుస్తాను. మన దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువు దగ్గరే షుగరు, గుండె జబ్బుల ముప్పు మొదలవుతుందని, ఆసియా వాళ్ళ విషయంలో 25 కాదు 23 దగ్గరే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. ఆ మాట నేను కాదనను.

అయితే ఇంజనీరుగా ఒక మాట. ఈ బీఎమ్ఐ లెక్క 1830లలో క్వెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త జనాభా సగటులు చూడటానికి కట్టింది. దానికి ఆ పేరు పెట్టింది 1972లో ఆన్సెల్ కీస్. సర్వర్లన్నిటి సగటు చూడటానికి పెట్టిన కొలతను పట్టుకుని ఒక్క సర్వరు మీద తీర్పు చెబితే నా టీములో ఊరుకోను. అది హెచ్చరిక దీపం, అంతే. ఎవరి మర్యాదనూ కొలిచే త్రాసు కాదు. ఇంకొకటి, సిగ్గు వల్ల ఎవరైనా సన్నబడితే నేను పదో తరగతిలోనే సన్నబడాలి. సిగ్గు చేసేది ఒక్కటే, డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఆపుతుంది. బరువు చూసే యంత్రం ఎక్కమంటారని భయపడి రక్తపరీక్ష ఆరేళ్ళు వాయిదా వేసినవాళ్ళను నేనెరుగుదును. తగ్గడానికి ఇంజక్షన్లు కూడా వచ్చాయి ఇప్పుడు. వాటి సంగతి మీరూ మీ డాక్టరూ తేల్చుకోవలసింది, పేరంటంలో పక్కావిడ కాదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మీరంతా వెళ్ళి ఫోటోలు తీయించుకోండని నేను అనడం లేదు. మగవాడిగా నాకు ఇది కొంత సులువు, ఆ తేడా నాకు తెలుసు. మన అమ్మాయి ఎవరైనా ఇదే పని చేసి వచ్చి ఇక్కడ మాట్లాడితే ఇన్ని నవ్వులు వినబడేవి కావు. పైగా తన ఇష్టంతో, పెద్ద వయసొచ్చాక, నమ్మకమైన కళాకారుడి ముందు నిలబడటం వేరు. ఎవడో అడిగాడని ఫోన్లో ఫోటో పంపడం వేరు. పిల్లల విషయంలో అసలు చర్చే లేదు. ఎవరి ఫోటో అయినా అనుమతి లేకుండా బయటకు పెడతానని బెదిరిస్తే, ఆస్ట్రేలియాలో ఈసేఫ్టీ కమిషనర్ అనే ప్రభుత్వ కార్యాలయం ఉంది, దానికి ఫిర్యాదు చేయండి. ఆ సమయంలో పిల్లలను తిట్టకండి. తిట్లకు తర్వాత కావలసినంత సమయం ఉంటుంది.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చిందని అధ్యక్షుల వారు వాచీ చూపిస్తున్నారు. కార్యవర్గానికి ఒక్క వినతి చేసి ముగిస్తాను. రేపు మధ్యాహ్నం జరిగే వధూవరుల పరిచయ వేదికకు దరఖాస్తు ఫారం మన సైటులో ఉంది. అందులో పుట్టిన తేదీ తర్వాత 'బరువు' అని ఒక గడి పెట్టారు. దాని పక్కన ఎర్ర చుక్క కూడా ఉంది, అంటే నింపకపోతే ఫారం ముందుకు పోదు. నిన్న రాత్రి ఒకమ్మాయి నాలుగుసార్లు ప్రయత్నించి మానేసిందని వాళ్ళ నాన్నగారు నాతో అన్నారు. ఆ గడి తీసేయండి. కోడ్ నేనే మారుస్తాను, పది నిమిషాల పని. లాప్‌టాప్ కూడా తెచ్చుకున్నాను. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో చెబితే భోజనాల లోపల అయిపోతుంది.